అమ్మకో గట్టి గొడుగు

ఎంత గట్టి గొడుగు కొనిస్తే అమ్మ మళ్లీ వీధి గుమ్మం దాటుతుందో ఆ వానాకాలం నాకు అంతుపట్టలేదు.

మొగల్తూరు అవతల సముద్రపు ఊళ్లో చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ముప్పై ఏళ్లు నడిచిన మనిషి. రాజమండ్రిలో నా దగ్గరికి వచ్చేశాక కూడా పొద్దున్నే గోదావరి గట్టుదాకా వెళ్లి రాకపోతే ఆవిడకు కాఫీ సహించేది కాదు. ఒక వానరోజు గట్టు మీద గాలికి నేను కొనిచ్చిన గొడుగు ఆవిడను నాలుగడుగులు లాక్కుపోయి బోర్లా పడేసి, తానూ తిరగబడింది. మోకాలి దెబ్బ పది రోజుల్లో మానింది. అమ్మ మాత్రం "ఇంక నేను వెళ్లనే" అంటూ కిటికీ దగ్గర కుర్చీ వేసుకుంది. ఆ కుర్చీని చూస్తే నాకు భయం వేసేది.

తప్పు గొడుగుదేనని తేల్చేశాను. ఫోన్లో వెతికితే ఒకే గొడుగును ఒకరు తుఫానుకైనా చెక్కుచెదరదన్నారు, ఇంకొకరు మొదటి వానకే తిరగబడిందన్నారు. ఇద్దరూ ఫొటోలు పెట్టారు. లాభం లేదని మెయిన్ రోడ్డులో గొడుగుల షాపుకి వెళ్లాను.

"ఇది ఎనిమిది ఊచలండి, ఇది పదహారండి. ఇదేమో ఫైబరండి, వంగుతుంది గానీ విరగదు" అన్నాడు షాపాయన.

"వంగేది మంచిదా, వంగనిది మంచిదా అండి?"

"రెండూ మంచివేనండి. మీ ఇష్టం."

నా ఇష్టమేంటో తెలిస్తే ఈయన దగ్గరికెందుకు వస్తాను? ఒకదానికి పైన రెండు పొరల గుడ్డ, మధ్యలో సందు. చిరుగేమో అనుకున్నాను. గాలి పోవడానికట. గాలి పోయే దారిన వానెందుకు రాదో నాకు బోధపడలేదు. షాపులో స్టాండు ఫ్యాను ముందు ఒక్కొక్కటీ తెరిచి పట్టుకున్నాను. అన్నీ నిలబడ్డాయి. గంటసేపు తల పట్టుకుని, చివరికి అన్నిటికంటే బరువైనది, పదహారు ఇనప ఊచలది తెచ్చాను.

అమ్మ దాన్ని తెరిచి, ఒకసారి ఊపి, మూసేసింది.

"గాలొస్తే ఇది ఇంకా గట్టిగా లాగుద్దే. పోనీ తిరగబడుద్దా అంటే, అదీ లేదు."

గొడుగు నా చేతిలో పెట్టేసింది.

"ఉన్నట్టుండి గాలి లేస్తే మీ నాన్న ముందు తెరచాప తాడు వదిలేసేవాడు. పట్టుకుంటే పడవే బోల్తా కొట్టుద్ది. ఆ మాత్రం నాకు తెలీదంటావా?"

"మరి ఆ రోజు గొడుగెందుకు వదల్లేదమ్మా?"

అమ్మ నావైపు వింతగా చూసింది. "ఖరీదైంది, జాగ్రత్త, ఎక్కడా పారేసుకోకు అన్నావు కదే. అందుకని పట్టుకున్నాను."

అన్నానా? అనే ఉంటాను. ఆవిడ చేతికి ఏ వస్తువిచ్చినా ముందు జాగ్రత్త అనడం నాకు అలవాటే. ఇన్నాళ్లూ ఊచలు లెక్కపెడుతూ తిరిగినందుకు సిగ్గేసింది.

మర్నాడు దాన్ని వాపసు ఇచ్చి, అన్నిట్లోకీ తేలికైనది అడిగాను. "అది గాలికి ఆగదండి" అన్నాడు షాపాయన, నిన్నటి మనిషినేనా అన్నట్టు చూస్తూ. ఆగకపోతేనే మంచిదన్నాను. ఈసారి అయోమయం ఆయన వంతు.

ఆ తర్వాతి పొద్దున అమ్మ గుమ్మంలో చెప్పులేసుకుంది. కొత్త గొడుగును అటూ ఇటూ తిప్పి, నా మొహంలోకి చూసింది.

"ఇది పోతే ఏమీ అనవు కదా?"

"పోతే పోనీయమ్మా" అన్నాను. "నువ్వు ఇంటికి రా, చాలు."