మా నాన్న చెప్పిన సాక్ష్యం

ఆ రోజుల్లో మెట్టకూరులో మాకు న్యాయం గురించి బెంగే ఉండేది కాదు. ఫ్రెంచి దొరలు అప్పుడే వెళ్ళిపోయారు. ఇక రాజ్యం మనదే కాబట్టి న్యాయం దానంతటదే నడిచొస్తుందని మా నాన్న అరుగు మీద కూర్చుని రోజూ చెప్పేవాడు. పదహారేళ్ళ నేను తలుపు చాటునుంచి తలూపేదాన్ని. (తలూపడానికేం, ఖర్చా!)

ఆ ఏడు మా నారుమడి ఎండిపోతోంది. కాలువ నీళ్ళు వంతుల ప్రకారం వదిలేవాడు లస్కరు తాత. ఆ ఆదివారం వంతు పక్కచేను మీసాల మావయ్యది, మాది బుధవారం. అప్పటిదాకా నారు బతకదని అమ్మ ఏడుపు. "ప్రార్థన చెయ్యండే, దేవుడే చూసుకుంటాడు" అని నాన్న ధైర్యం. పాపం దేవుడికి చాలా పనులుంటాయని నేను జ్వరం తెచ్చుకున్నాను. ఇంట్లో అందరూ చర్చికి వెళ్ళగానే పార పట్టుకుని చేలోకి పరిగెత్తాను. మీసాల మావయ్య కనకాలపేటలో పెళ్ళికి వెళ్ళాడని నాకు తెలుసు. ఆయన మడికి పోయే నీళ్ళకు అడ్డుకట్ట వేసి, మా గట్టుకు గండి కొట్టాను. మడి నిండాక అన్నీ సర్దేసి, ఇంటికొచ్చి ముసుగుతన్ని పడుకున్నాను. అంత చక్కని జ్వరం నాకు మళ్ళీ రాలేదు.

అసలు జ్వరం సాయంత్రం ప్రార్థనలో మొదలైంది. దేవుడు మేలు చేస్తే అందరి ముందూ లేచి సాక్ష్యం చెప్పడం మా సంఘంలో అలవాటు. నాన్న లేచాడు. "పొద్దున్న ప్రార్థన చేశానండి. చేలోకెళ్ళి చూద్దును కదా, మడి నిండా నీళ్ళండి! ఆకాశంలో మబ్బుతునకైనా లేదండి!" అందరూ "స్తోత్రం!" అన్నారు. నేనూ అన్నాను గానీ నా గొంతు నాకే వినబడలేదు.

అప్పుడే పెళ్ళినుంచి తిరిగొచ్చిన మీసాల మావయ్య లస్కరు తాతని రెక్క పట్టుకుని గుమ్మంలోకి ఈడ్చుకొచ్చాడు. "నా వంతు నీళ్ళు ఈ ముసలాడు అమ్ముకున్నాడు! రేపు కాలవల ఓవర్సీరుగారొస్తారు, ఈడి ఉద్యోగం ఊడగొట్టిస్తాను!"

"నాకేం తెలవదు బాబూ, మనవలున్నారు బాబూ" అని తాత వణికిపోతున్నాడు. నాన్న గంభీరంగా, "మా నీళ్ళు దేవుడిచ్చినవి. ఇతని సంగతి మాకు తెలీదు" అన్నాడు.

లేస్తే నాన్న పరువు పోతుంది, లేవకపోతే తాత కూడు పోతుంది. ఎవరో ఒకరు లేచి న్యాయం చెప్పకపోతారా అని చుట్టూ చూశాను. నిజం తెలిసినదాన్ని నేనొక్కదాన్నేనని అప్పుడు గుర్తొచ్చింది. అమ్మ భుజం పట్టుకుని లేచాను.

"దేవుడు పంపలేదండి. నేనే పంపానండి. పారతో."

నాన్న నావైపు చూశాడు. ఇవాళ నా పని అయిపోయిందనుకున్నాను. ఆయన మెల్లగా వెళ్ళి తాత ముందు చేతులు జోడించి, "తప్పు మాదే బాబాయ్" అన్నాడు. తర్వాత నాతో, "పద, పార తియ్యి" అన్నాడు. చీకటి పడేలోగా ఇద్దరం గట్టు కొట్టి, పల్లంలో ఉన్న మావయ్య మడిలోకి నీళ్ళు వదిలేశాం. మా నారు సగం పోయింది. తాత ఉద్యోగం నిలిచింది. ఎదురుపడినప్పుడల్లా "అమ్మాయ్, ఈ వారం జొరం రాలేదా?" అని నవ్వేవాడు.

ఇప్పుడు అరుగు మీద నేను కూర్చుంటున్నాను. ఎక్కడైనా అన్యాయం కనబడితే "ఎవరూ అడగరేం?" అని నేనూ అంటుంటాను. ఆ పదహారేళ్ళ పిల్ల గుర్తొచ్చి "నువ్వు లెగు" అంటుంది. కొన్నిసార్లు లేస్తాను. కొన్నిసార్లు మోకాళ్ళ నొప్పులంటాను. ఆ నొప్పులు ఎలాంటివో దానికి బాగా తెలుసు.