కోడక్కకు బదులిచ్చే వంతు

పొద్దున మెలకువ రాగానే కోడక్క మంచంమీదే కూర్చుని, కళ్ళు మూసుకుని దేవుడికి దణ్ణం పెట్టుకునేది. అందులో తనకంటూ అడుక్కునేది తక్కువ. ఇంటాయన మోకాలు, పనిచేసేచోట పాలిష్ ఆవిడ దగ్గు, ఎవరి కూతురిదో పరీక్ష, ఎవరి తమ్ముడిదో ఆపరేషను, ఇలా ఒక్కొక్కరినీ పేరుపేరునా దేవుడికి అప్పజెప్పి లేచేది. లేచి కిటికీ పక్కనున్న పాత కంప్యూటరు ఆన్ చేసేది. అది మూలుగుతూ తెరుచుకునేలోపు మొహం కడుక్కుని, టీ కాచుకుని వచ్చి కూర్చునేది. "గూట్లో ఉన్నవాళ్ళందరికీ శుభోదయం. ఇంక లేవండర్రా" అని టైపు చేసి, దాని కింద ఆ రోజు పాట పెట్టేది. అది అయ్యాకే టీ గుటక వేసేది.

గూడంటే గొంతుగూడు. ఒకప్పుడు రేడియోలో పాడి, ఉన్నట్టుండి పాడటం మానేసిన ఒక గాయని అభిమానులంతా కలిసి ఇంటర్నెట్లో కట్టుకున్న చోటు. అందులో చేరేవాళ్ళు ఒక పిట్ట పేరు పెట్టుకోవాలి. అసలు పేరూ హోదా గుమ్మం బయట వదిలేసి రావాలి. గూడు మొదలుపెట్టినాయన గోరువంక. ఈవిడ చేరిన రోజున కోయిల పేరు అడిగింది.

"ఇప్పటికే ముగ్గురు కోయిలలున్నారక్కా, వాళ్ళలో వాళ్ళకే పడటంలేదు" అని రాశాడు గోరువంక. "పొద్దున్నే అందరికంటే ముందు వచ్చి అందర్నీ లేపుతున్నావు. నీకు కోడి చాల్లే."

అలా కోడక్క అయిపోయింది. కొన్నాళ్ళకి గూడు బాగోగులు కూడా ఆవిడ చేతికే వచ్చాయి.

పాట మాటలు ఎవరైనా రాస్తారు. గూట్లో పద్ధతి వేరు. గాయని ఊపిరి తీసుకున్నచోట ఒక చుక్క పెట్టాలి. గొంతులో నవ్వు దాచుకున్నచోట చిన్న వంకర గీత. వయొలిన్ ముందుకొచ్చి ఆవిడ తగ్గినచోట అంత మేర ఖాళీ వదలాలి. ఈ పద్ధతి పుట్టింది వడ్రంగిపిట్ట కోసం. ఆయన లేతు మిషన్ దగ్గర బతుకంతా నిలబడి, ఆ హోరులో రెండు చెవులూ పోగొట్టుకున్న పెద్దాయన. చేరిన కొత్తల్లో ఒక మాట రాశాడు. "పాట మాటలు నాకు నోటికి వచ్చమ్మా. ఆవిడ ఎక్కడ ఆగేదో మరిచిపోతున్నాను. అది చెబితే చాలు, తక్కినది నాకు వినిపిస్తుంది."

అది చదివి కోడక్క కళ్ళు తుడుచుకుంది. ఆ రోజునుంచి ప్రతి పాటా పదేసిసార్లు వెనక్కి తిప్పి విని, చుక్కలూ గీతలూ పెట్టి రాసింది. మిగతావాళ్ళూ అందుకున్నారు. ఒక్క చుక్క దగ్గర ఇద్దరికి మాట తేడా వచ్చి, వారం రోజులు మూతులు ముడుచుకున్న సందర్భాలున్నాయి.

కోడక్క పని పళ్ళ డాక్టర్లకి కట్టుడు పళ్ళు చేసిచ్చేచోట. మేడమీద పొడుగాటి గది. ఎటు చూసినా ప్లాస్టరు దవడలు. స్పిరిట్ దీపం మీద సన్నటి కత్తి వేడిచేసి, గులాబీరంగు మైనంలో ఒక్కో పన్నూ నిలబెట్టాలి. పక్క బల్ల దగ్గర పళ్ళకి నునుపు పెట్టే పాలిష్ ఆవిడ. ఆవిడ యంత్రం దుమ్ము కోడక్కమీద పడకుండా ఒక అట్టముక్క అడ్డం పెట్టుకుని పనిచేసేది. ఎవరూ పెట్టమని చెప్పలేదు, ఆవిడకి ఆవిడే పెట్టింది.

"ఊళ్ళోవాళ్ళ నోళ్ళన్నీ సర్దుతావు. నీ నోటికే అడ్డూ ఆపూ లేదు" అనేవాడు ఇంటాయన. ఆయన తూకం యంత్రాలు బాగుచేస్తాడు.

"మీ మాటకి తూకం ఉంటే నా నోరెందుకు లేస్తుంది" అనేది ఈవిడ.

ఇంటాయన అన్నదాంట్లో కొంత నిజం ఉంది. గూట్లో కోడక్క కాపలా గట్టిది. గాయని పాడటం ఎందుకు మానేసిందో, ఆవిడ సంసారంలో ఏం జరిగిందో అని ఎవరైనా మొదలుపెడితే చాలు, ఆ మాటలు తుడిచేసేది. జోకు కాస్త శ్రుతి మించినా తుడిచేసేది. తుడిచేసి, "మనింటి ఆడపిల్ల గురించైతే ఇలాగే మాట్లాడతామా" అని ఒక్క వాక్యం పెట్టేది. ఆ వాక్యానికి ఎవరూ ఎదురు చెప్పేవాళ్ళు కాదు. అందరికీ అది నచ్చిందనే ఆవిడ అనుకునేది.

రానురాను గూట్లో సందడి పలచబడింది. ఎవరి పనులు వాళ్ళకి ఉంటాయిలే అని సర్దిచెప్పుకుంది. ఎందుకంటే తన శుభోదయానికి మాత్రం రోజూ ఎవరో ఒకరు పలికేవారు. ఒకరోజు మైనా, ఒకరోజు పాలపిట్ట, ఒకరోజు పిచ్చుక. "పాట అదిరింది కోడక్కా", "నీ పాటతోనే మాకు తెల్లారుతుంది" అని. వడ్రంగిపిట్ట వారానికోసారి వచ్చి, ఏ చుక్క దగ్గర తనకి ఏం గుర్తొచ్చిందో నాలుగు ముక్కలు రాసి, మైనానీ పాలపిట్టనీ పలకరించి వెళ్ళేవాడు.

"ఇన్నేళ్ళైనా ఒక్కపూట కూడా నా మాట వృథాగా పోలేదు" అని పాలిష్ ఆవిడ దగ్గర మురిసిపోయేది కోడక్క.

ఒకరోజు పొద్దున ఎప్పటిలాగే శుభోదయం పెట్టి, టీ గ్లాసు అందుకుంది. తెరమీద కొత్త మాట పడింది. పిచ్చుక రాసింది.

"ఈవేళ కోడక్కకి బదులివ్వడం ఎవరి వంతర్రా? నాదే అనుకుంటా, కానీ నాకు డ్యూటీ ఉంది. ఎవరైనా చూడండి, పాపం ఎదురుచూస్తూ ఉంటుంది."

కోడక్క రెండోసారి చదివేలోపు అది మాయమైంది. వెనకే మైనా వచ్చి, "ఆహా, ఏం పాట పెట్టావు కోడక్కా" అని రాసింది. మాయమైన మాట నిజంగా పోలేదు. తుడిచేసినవి కూడా గూడు చూసుకునేవాళ్ళకి బూడిద రంగులో కనబడతాయి. ఆ సంగతి పిచ్చుకకి తెలియదు. కోడక్క ఆ బూడిదరంగు అక్షరాలకేసి చూస్తూ కూర్చుంది. అన్నిటికంటే ఆ 'పాపం' దగ్గర ఆవిడకి ఊపిరి అందలేదు.

ఆ రోజు పని సాగలేదు. ఎవరో పెద్దాయన సెట్టులో కుడివైపు దవడ పళ్ళు ఎడమవైపు నిలబెట్టింది. పాలిష్ ఆవిడ చూసి, దీపం దగ్గరికి జరిపి, మైనం కరిగించి పళ్ళు ఊడదీసి పెట్టింది. మధ్యాహ్నం అన్నం డబ్బాలు విప్పినప్పుడు కోడక్క జరిగింది చెప్పింది.

"వంతులేసుకుని మరీ పలకరించారంటే, నీమీద అంత ప్రేముందనే కదా" అంది పాలిష్ ఆవిడ.

"ప్రేముంటే వంతులెందుకు వదినా. మంచానపడ్డ ముసలమ్మకి వేసుకున్నట్టు వేసుకున్నారు."

"మంచానపడ్డవాళ్ళని మటుకు ఊరికే ఎవరు చూస్తున్నారీ రోజుల్లో" అని, తన డబ్బాలోంచి కూర కోడక్క డబ్బాలోకి సగం వంచింది.

ఆ సాయంత్రమే గోరువంక ఫోన్ చేశాడు. అటూ ఇటూ తిప్పి అసలు సంగతికి వచ్చాడు. గూడు మూసేస్తున్నారు. ఈ ఆదివారం అందరూ వచ్చి వీడ్కోలు చెప్పుకుంటారు. సోమవారం రాత్రితో సరి. "ఆఖరి మాట నువ్వే రాయాలక్కా. నువ్వు రాస్తేనే నిండుగా ఉంటుంది."

"అందరూ ఇప్పుడెక్కడున్నారు తమ్ముడూ?"

"ఫోన్లో ఒక గ్రూపు పెట్టుకున్నాం. సరదాకి."

"ఎప్పట్నుంచి?"

"రెండేళ్ళు దాటి ఉంటుంది."

"నన్నెందుకు పిలవలేదు?"

"నిన్ను పిలవకూడదని కాదక్కా. నువ్వుంటే నవ్వడానికి భయం. ఏం మాట్లాడినా, మనింటి ఆడపిల్లైతే అంటావు. ఏదో వేళాకోళం ఆడుకుంటాం, వీడియోలు పెట్టుకుంటాం. నీకు నచ్చదని ఊరుకున్నాం. ఇప్పుడు రా, చేర్చేస్తాను."

"మరి పాటలు? అన్నేళ్ళు రాసినవి?"

"పాటలన్నీ ఇప్పుడు వేలు పెడితే వినబడుతున్నాయి. చుక్కలు చూసుకుంటూ ఎవరు చదువుతారు చెప్పు. ఏమనుకోకు."

"ఏమనుకుంటాను. ఉంటా" అని పెట్టేసింది. అతను చెడ్డవాడు కాడు. మూడేళ్ళ కిందట ఆవిడకి జ్వరం వస్తే రోజూ ఫోన్ చేసి కనుక్కున్నవాడే. అదే ఆవిడకి మరీ మింగుడు పడలేదు. చెడ్డవాళ్ళైతే నాలుగు తిట్టుకుని గిన్నెలు కడుక్కునేది.

శనివారం పొద్దున కూర్చుని ఆఖరి మాట రాసి పెట్టుకుంది. నాలుగే వాక్యాలు. "నామీద జాలితో వంతులు వేసుకున్న పిట్టలందరికీ ధన్యవాదాలు. ఎవరి వంతు రోజున వారు బాగా నటించారు. నవ్వుకోవడానికి వేరే ఇల్లు కట్టుకున్నందుకు సంతోషం. ఇక మీకు ఆ శ్రమ లేదు." పచ్చిమిరపకాయ కొరికినట్టుంది. ఇంటాయన భుజం మీంచి చదివాడు.

"ఇది పెడితే నీ కడుపు చల్లబడుతుందా?"

"వాళ్ళది మండుతుందిగా."

ఆవిడ చల్లారబెట్టిన టీ ఆయన తీసుకెళ్ళి వేడిచేసి తెచ్చాడు.

ఆదివారం మధ్యాహ్నం గూడు కిటకిటలాడింది. రెండేళ్ళుగా ఇటు తొంగిచూడనివాళ్ళు కూడా వచ్చి గొల్లుమన్నారు. "నా యవ్వనమంతా ఇక్కడే గడిచింది" అని ఒకరు. "కోడక్కా, నువ్వు లేకపోతే ఈ గూడే లేదు" అని ఒకరు. ముగ్గురు కోయిలలూ ఒకరినొకరు పొగుడుకున్నారు. బతికుండగా పలకరించని చుట్టాలు శవం దగ్గర దండలు పట్టుకుని వరసగా నిలబడ్డట్టు అనిపించింది కోడక్కకి. సరే కానివ్వండి అనుకుని, రాసుకున్న నాలుగు వాక్యాలూ తెచ్చి పెట్టి, పంపడానికి వేలు ఆనించింది.

అప్పుడు కనబడింది. ఆ పొగడ్తల మధ్య వడ్రంగిపిట్ట మాట.

"అందరూ ఎక్కడికి వెళుతున్నారమ్మా? నాకేమీ అర్థం కాలేదు. రేపట్నుంచి నేను ఎక్కడికి రావాలి?"

పైకి జరిపి చూసింది. పొద్దున కూడా ఒకసారి అడిగాడు. ఎవరూ పలకలేదు. కొత్త గ్రూపు సంగతి ఆయనకీ ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినబడని చెవులకి ఆ వీడియోలూ గొంతు మెసేజీలూ దేనికి. ఆయన వారానికోసారి మైనాకీ పాలపిట్టకీ రాసిన మాటలు గుర్తొచ్చాయి. వాళ్ళు తనతో నిజంగానే కబుర్లు చెబుతున్నారని నమ్మి రాసినవి. ఇప్పుడు తన నాలుగు వాక్యాలు పెడితే అందరికంటే శ్రద్ధగా, చుక్క చుక్కకీ ఆగి చదివేది ఆయనే.

కోడక్క వేలు వెనక్కి తీసింది. వాక్యాలు ఒక్కొక్కటే తుడిచేసింది. ఎదుటివాళ్ళవి తుడిచినప్పుడు ఎన్నడూ ఇంత నొప్పి లేదు. వాటి చోట, "అందరూ చల్లగా ఉండండి. దేవుడు మేలుచేస్తాడు" అని పెట్టింది. వడ్రంగిపిట్టకి విడిగా, "కంగారుపడకండి అన్నయ్యగారూ, రేపు చెబుతాను" అని రాసింది. గోరువంక ఆవిడ మాట కింద రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు.

సోమవారం మధ్యాహ్నం పళ్ళగదికి పిచ్చుక వచ్చింది. రక్తపరీక్షలు చేసేచోట పనిచేస్తుంది. వాళ్ళమ్మకి పళ్ళు చేసిచ్చింది కోడక్కే, అందుకని ఆ మేడ తెలుసు. చేతిలో యాపిల్ పళ్ళ సంచి. లోపలికి రావాలో వద్దో తెలియక గుమ్మం దగ్గర నిలబడింది. పాలిష్ ఆవిడ యంత్రం ఆపి, తన స్టూలు అటు జరిపి, నీళ్ళు తెచ్చే వంకతో బయటికి వెళ్ళింది.

"నువ్వు చూశావు కదా కోడక్కా. ఆ రోజు గ్రూపులో అనుకుని గూట్లో నేను రాసింది."

"చూశాను."

"నిన్న నువ్వు పెట్టింది చదివి, ఇంత పొడిగా రెండు ముక్కలు పెట్టిందంటే చూసే ఉంటుందని అనుకున్నాను. తిడితేనే బాగుండేది."

"తిట్లు రాసుకున్నానే తల్లీ. పెట్టలేదంతే."

పిచ్చుక సంచి ఒళ్ళో పెట్టుకుని నలిపింది. "అన్నీ వంతులు కావక్కా. నా వంతు కాకపోయినా నేను రాసిన రోజులున్నాయి. నిజంగా పాట నచ్చి."

"ఏ రోజులో మాత్రం చెప్పకు. మిగతా రోజులన్నీ లెక్కపెట్టుకుంటాను."

కోడక్క ఒక పన్ను తీసి మైనంలో నిలబెట్టి, ఒరిగితే మళ్ళీ నిలబెట్టింది.

"గ్రూపులోకి రా అక్కా. గోరువంకన్నయ్య అడగమన్నాడు."

"రాను. నేనొస్తే మీరు ఇంకో గ్రూపు పెట్టుకోవాలి, పాపం."

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. పిచ్చుక కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కోడక్కకి తృప్తి కలగలేదు సరికదా, నోట్లో చేదు ఇంకాస్త పెరిగింది. కత్తి దీపం దగ్గర పెట్టి, చేతులు తుడుచుకుని ఆ పిల్లవైపు తిరిగింది.

"నాకో సాయం చేస్తావా?"

"చెప్పక్కా. ఏదైనా చేస్తా."

"వడ్రంగిపిట్ట అన్నయ్యగారు ఎక్కడికి రావాలని అడుగుతున్నారు. ఈమెయిల్ చూసుకుంటారు. గూడు ఈమెయిల్లోకి మారిందని ఈ సాయంత్రం రాస్తాను. పాటలు నేనే పంపుతాను, చుక్కలతో సహా. కానీ నేనొక్కదాన్నే కనబడితే అందరూ వెళ్ళిపోయారని ఆయన ఇట్టే పోల్చుకుంటారు. అందుకని, నాకు వేసుకున్న వంతులున్నాయే, అవి మానకండి. ఆయనకి వేసుకోండి. మైనా ఒకరోజు, పాలపిట్ట ఒకరోజు, నువ్వొకరోజు. ఆయన రాసింది చదివి, దానికి తగ్గట్టు రెండు ముక్కలు రాయండి. అదిరింది, బాగుంది అని పెట్టి వెళ్ళిపోకండి."

"అలాగే అక్కా."

"ఇంకోటి" అంది కోడక్క. "ఈసారి ఎవరి వంతో అడగాల్సి వస్తే, ఆయన కంటపడని చోట అడుగు."