కృతజ్ఞత కూడిక వీడియోలో సుజాత గొంతు

దయ్యాల గురించి బైబిల్లో చదివానే తప్ప, అవి మనుషుల ఇళ్లకు వస్తాయంటే నేను ఏనాడూ నమ్మలేదు. లాలాగూడలో రైల్వే ఫిట్టర్‌ని. కొలిచి చూసుకోనిదే బోల్టు కూడా బిగించను. ఎవడైనా తెల్లచీర కనబడిందంటే, "పోయి కళ్లద్దాలు మార్చుకోరా" అని నవ్వేవాణ్ని. ఇప్పుడు నేనే ఇది రాస్తున్నాను. భయం కాదు, సిగ్గుగా ఉంది.

నిరుడు వానాకాలంలో చిలకలగూడ దగ్గర మా స్కూటర్ జారింది. బండి నడుపుతున్నది నేను. వెనక నా భార్య సుజాత. హెల్మెట్ నా తల మీద ఉంది, ఆమెకు లేదు. "ఈ కాస్త దూరానికి నీకెందుకులే" అన్నది కూడా నేనే. నాకు మోచెయ్యి గీసుకుపోయింది. ఆమె తల డివైడర్‌కు కొట్టుకుంది.

స్కాన్‌లో ఏమీ కనబడలేదు. మెదడు అదిరింది, కొన్నాళ్లు బాగా విశ్రాంతి ఇవ్వండి అన్నాడు డాక్టర్. నేను 'ఏమీ కనబడలేదు' అన్న ఒక్క మాటే పట్టుకుని ఇంటికొచ్చాను.

కానీ సుజాతకు ట్యూబ్‌లైట్ వెలుతురు పడేది కాదు. కుక్కర్ విజిల్‌కు చెవులు మూసుకునేది. ఉప్పు డబ్బా చేతిలో పట్టుకుని, దాన్ని ఏమంటారో గుర్తురాక ఏడ్చేది. చర్చి క్వయర్‌లో పద్దెనిమిదేళ్లుగా పాడుతున్న మనిషి, రోజూ పాడుకునే పాటలోనే రెండో చరణం మరిచిపోయేది. "తల లోపల ఏదో మండుతున్నది" అనేది. అవి చూసినప్పుడల్లా నాకు హెల్మెట్ గుర్తొచ్చేది. ఇది తొందరగా అయిపోతే బాగుండు అనిపించేది. ఆమె కోసం కాదు, నా కోసం.

అందుకే మూడు వారాలకే ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టాను. మాలో ఎవరైనా గండం గడిచి బయటపడితే, సంఘాన్ని పిలిచి ప్రార్థన చేయించి, సాక్ష్యం చెప్పి, భోజనాలు పెడతాం. మామూలుగా బాగైన మనిషే లేచి సాక్ష్యం చెప్పాలి. నేను సుజాతను అడగనైనా అడగలేదు, నేనే లేచాను. "దేవుడు నా భార్యకు సంపూర్ణ స్వస్థత ఇచ్చాడు" అన్నాను. అందరూ హల్లెలూయా అన్నారు. ఆమె నా పక్కనే కుర్చీలో కూర్చుని ఉంది.

మా చెల్లెలు గుమ్మం దగ్గర నిలబడి ఫోన్‌లో అదంతా వీడియో తీసి మర్నాడు పంపింది. డ్యూటీలో అన్నం తిన్నాక, ఇయర్‌ఫోన్ పెట్టుకుని చూశాను. 'సంపూర్ణ స్వస్థత' అని నేను అన్న వెంటనే, హల్లెలూయాలు మొదలయ్యే లోపు, ఒక ఆడగొంతు నింపాదిగా వినబడింది.

"ఇంకా తగ్గలే."

అది సుజాత గొంతు. ఇరవై రెండేళ్ల కాపురం, ఆ గొంతు గుర్తుపట్టడానికి నాకు ఇంకొకరి సాయం అక్కర్లేదు. కానీ తెరమీద ఆమె మొహం స్పష్టంగా కనబడుతోంది. పెదవులు కదలలేదు. వెనక్కి జరిపి ఆరుసార్లు చూశాను. చివరికి నాతో పనిచేసే యాదగిరికి, ఏమీ చెప్పకుండా ఇయర్‌ఫోన్ ఇచ్చాను. విని, "ఎవలో తగ్గలే అంటున్నరు గదన్నా. వదినకేనా?" అన్నాడు.

సాయంత్రం ఇంటికి పోయి ఏం చేశానో చెప్పాలంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. ఆమె మీద అరిచాను.

"అందరి ముందల నన్ను అబద్ధాలకోరును చేస్తవా?"

"నేను నోరు తెరువలే," అంది, కర్టెన్లు వేసుకున్న గదిలోంచి. "మనసుల అనుకున్న. గంతే."

అయినా నాకు పరువే పెద్దదైంది. చెల్లెలికి ఫోన్ చేసి, ఆ వీడియో ఎవరికీ పంపకుండా తీసేయించాను. నా ఫోన్‌లో నేను తీసేశాను.

ఆ ఆదివారం పాస్టరమ్మగారు సుజాతను క్వయర్‌లోకి రమ్మని పిలిచారు. స్వస్థత పొందిందని మొగుడే చెప్పాక, ఏ మొహంతో కాదంటుంది? పోయి నిలబడింది. డ్రమ్స్ మొదలైన రెండో నిమిషంలో వాంతి చేసుకుని కూలబడింది. పరిగెత్తి ఎత్తుకుంటే, "మీ మాట పోగొట్టిన, ఏమనుకోకుండ్రి" అంది. నాతో!

ఈసారి వేరే డాక్టరమ్మ చూసింది. కాలికి దెబ్బ తగిలితే వాపు కంటికి కనబడుతుంది, మెదడు లోపలి దెబ్బ ఒక్కోసారి స్కాన్‌కూ దొరకదు, కొందరికి నెలలు పడుతుంది అని చెప్పింది. "ఇన్ని రోజులు ఈమె మీకు చెప్పలేదా?" అని అడిగింది.

"చెప్పింది మేడమ్," అన్నాను.

కుక్కర్ అటక మీద పెట్టేసి, గిన్నెలో అన్నం వార్చడం నేర్చుకున్నాను. ఒక ఆదివారం చర్చిలో లేచి, ఆ రోజు నేను చెప్పిన సాక్ష్యం అబద్ధమని ఒప్పుకున్నాను. కొందరు గొణుక్కున్నారు, గొణుక్కోనీ. ఏడు నెలలకు సుజాత ఒక పాట మొత్తం పాడింది. ఇప్పటికీ ట్యూబ్‌లైట్ వేయం.

ఆ గొంతు సంగతి మాత్రం తేలలేదు. కూడికకు వచ్చిన ఆడవాళ్లందరినీ అడిగాను, మేం అనలేదన్నారు. వీడియో తీస్తున్నప్పుడు తనకేమీ వినబడలేదంది చెల్లెలు. యాదగిరి మాత్రం విన్నానని ఇవాళ్టికీ ఒట్టు పెడతాడు. మళ్లీ చూద్దామంటే వీడియో లేదు, నా చేతులతో నేనే తీసేశాను. పెదవి కదపని మనిషి మాట ఫోన్‌లోకి ఎట్లా ఎక్కిందో నాకు తెలియదు.

గుమ్మం దగ్గర ఉన్న ఫోన్‌కు వినబడింది. పక్కనే నిలబడ్డ నాకు వినబడలేదు. అంతకుముందు మూడు వారాలు ఆమె నోరు తెరిచే చెప్పింది. అప్పుడూ వినబడలేదు.