ఒక్క చేతి ముద్ద

నేను ఆసుపత్రిలో ఉండగా, నన్ను అడగకుండా నా కుక్కను ఇచ్చేశారు. ఇచ్చినవాడు పరాయివాడు కాదు, నా వెనక పుట్టిన తమ్ముడు. తాడిపత్రి దగ్గర బండలు పాలిష్ పట్టే యార్డుకు ఇచ్చాడు. అక్కడ దాన్ని గేటు పక్కన గొలుసుతో కట్టేశారు. నాలుగేళ్లు గొర్రెల మంద చుట్టూ తిరిగినది అది. గొలుసంటే ఏమిటో దానికి తెలియదు.

తమ్ముణ్ణి ఇలా అచ్చులోకి ఈడ్చడం బాగుందా అని అడిగేవాళ్లు ఉంటారు. బాగోలేదు. నేను బడికి పోయినవాణ్ణి కాదు. బొరుగులు పొట్లం కట్టిన కాగితాలు విప్పి, గొర్రెల వెనక నడుస్తూ కూడబలుక్కుని చదవడం నేర్చాను. రాయదుర్గం బస్సుల మీద బోర్డులు చూసి కన్నడ అక్షరాలు కూడా పట్టాను. అంత కష్టపడి నేర్చుకున్న రాత ఇలాంటి సంగతికి పనికిరాకపోతే ఇంకెందుకు?

ఆ కుక్కను గుమ్మఘట్ట అవతల, సగం తెలుగూ సగం కన్నడమూ మాట్లాడే ఒక కాపరి దగ్గర తెచ్చాను. ఒక ఆడ గొర్రెపిల్లను ఇచ్చి, బదులుగా దీన్ని కంబళిలో చుట్టుకుని వచ్చాను. ఆ జాతికి పుస్తకాల్లో ఏ పేరుందో నాకు తెలియదు. మేం మంద కుక్క అంటాం. పెరిగితే వీపు నా తొడ మీదికి వస్తుంది. మెడ లావు, దవడ వెడల్పు. పిల్లగా ఉన్నప్పుడే పాదాలు పూరీలంత ఉండేవి. ఇచ్చేటప్పుడు ఆ కాపరి ఒక మాట అన్నాడు.

"చూడప్పా, ఇది నీ మాట వింటాదని తీసకపోవద్దు. దానికి తోస్తే చేస్తాది. తోసేట్లు నువ్వే చేసుకోవల్ల."

అప్పుడు నవ్వాను. అరవై ఏళ్లు గొర్రెలు కాచినవాణ్ణి, ఒక కుక్కపిల్ల నాకు లొంగదా అనుకున్నాను.

తెచ్చిన రోజే దొడ్లో పిల్లతల్లుల మధ్య వదిలాను. మా పద్ధతి అదే. కుక్కపిల్ల ఇంటి గడప ఎక్కకూడదు, మనుషుల ఒళ్లో పడుకోకూడదు. గొర్రెల ఊపిరి తగిలేచోటే పడుకోవాలి. పిల్ల చచ్చిపోయిన గొర్రె ఒకటి ఉంటే దాని పాలు పిండి పోశాను. నెల తిరిగేసరికి అది గొర్రెపిల్లలతో కలిసి ఒకే కుప్పగా పడుకునేది. తోక చూస్తే తప్ప ఏది ఏదో తెలిసేది కాదు.

కష్టం ఎనిమిదో నెలలో మొదలైంది. గొర్రెపిల్లల చెవులు కొరికేది. ఆటకే, కోపంతో కాదు. కాని దాని ఆట ఆ పిల్లల ప్రాణం మీదికి వచ్చింది. ఒకదాని చెవి సగం పోయింది. నేను తుమ్మబరికె తీసుకుని ఒక్కటి వేశాను. అరవలేదు, పారిపోలేదు. నా మొహంలోకి చూసి, మెల్లగా నడుచుకుంటూ పోయి గుట్ట మీద కూర్చుంది. రెండు రోజులు దిగలేదు. పిలిస్తే తల కూడా తిప్పలేదు. మూడోరోజు నేనే ముద్ద పట్టుకుని ఎక్కాను. దానికి బరికె చూపించడం అదే ఆఖరు. ఆ తర్వాత మెడకు గుదికొయ్య కట్టాను. పరిగెత్తబోతే కొయ్య కాళ్లకు అడ్డం పడుతుంది. నాలుగు నెలలు ఆ కొయ్యతో తిరిగింది. విప్పిన రోజు గొర్రెపిల్ల ఒకటి దాని వీపెక్కి దూకింది. ఇది ఆవలించి ఊరుకుంది. ఆ రోజు నాకు పెళ్లి భోజనం తిన్నంత సంతోషమైంది.

పెద్దదయ్యాక కూడా నేను చూపించిన చోట ఎన్నడూ కాపలా కూర్చోలేదు. నేను వంక దిక్కు చూపిస్తే అది బీడు దిక్కు పోయేది. ఒకసారి దీని మొండితనానికి తిట్టుకుంటూ ఉండగానే బీడు పొదల్లోంచి రెండు తోడేళ్లు లేచాయి. అది ముందే అక్కడ నిలబడి ఉంది. ఆపైన నేను చోటు చూపించడం మానేశాను.

ఇక తిండి సంగతి. మొత్తం కథకు మూలం అదే, దాన్ని దాచను.

మా పక్క ఊళ్లో పట్టపగలే కారులో వచ్చి గొర్రెలెత్తుకుపోయారు. ముందు మాంసం ముక్కల్లో గుళికల మందు కూరి విసిరారు. రెండు కుక్కలు నురగ కక్కి చచ్చాయి. వాటి కాపరి తలపాగా విప్పి నోటికి అడ్డం పెట్టుకుని ఏడవడం చూశాను. ఆ వారమే నా కుక్కకు కొత్త పాఠం మొదలుపెట్టాను. నా చేతి ముద్ద తప్ప ఇంకెవరు ఏం పెట్టినా ముట్టకూడదు. నేను పెట్టినా "తినప్పా" అనేదాకా నోరు పెట్టకూడదు. ఊళ్లో తెలిసినవాళ్లను ఒక్కొక్కరినే పిలిచి, మాంసంలో పచ్చికారం పెట్టి వాళ్ల చేత ఇప్పించాను. నోరు మండి నా దగ్గరికి పరిగెత్తుకొస్తే మజ్జిగ పోసి, సంగటి ముద్ద పెట్టి, "తినప్పా" అనేవాణ్ణి. దానికి పేరు కూడా పెట్టలేదు. పేరుంటే దొంగ కూడా పిలుస్తాడని.

నా ఇంటావిడను కూడా కారం ముక్క పెట్టమన్నాను. ఆమె చేతులు వెనక్కి పెట్టుకుంది.

"నోరులేని దానికి నా చేత్తో కారం పెట్టాల్నా? నీ పాడు తెలివి నీ దగ్గరే పెట్టుకో."

"దొంగనాబట్టలు నీ మాదిరి చీర కట్టుకొని వస్తే?"

"వస్తే సూస్తాం. ఏమయ్యా, పోనీ నా చేతన్నా తిననీ. నీకు జరమొస్తే దాని గతేంది?"

"నాకు జరం యాడొచ్చింది ఇన్నేండ్లల్లో?"

అలా అన్నాను. వేరేవాడికి ఆమె చీర కట్టించి, ఆమె మాదిరి కూడా కారం ఇప్పించాను. ఆరు నెలల్లో పాఠం పక్కాగా వచ్చేసింది. సంతకు వచ్చినవాళ్లకు చూపించి గర్వపడేవాణ్ణి. ఎవడైనా బిర్యానీ ముక్క దాని ముక్కు ముందు పెడితే తల పక్కకు తిప్పుకునేది. జనం చప్పట్లు కొట్టేవాళ్లు. నేను మీసం మీద చేయి వేసేవాణ్ణి.

పోయిన ఏడు వాన లేదు. అంతకు ముందూ అంతే. బెళుగుప్ప దిక్కు మేము మేపే బీళ్ల చుట్టూ ఎండతో కరెంటు తీసే పలకల కోసం కంచెలు వేశారు. మిగిలిన నేలలో గడ్డి లేదు. గొర్రెలు రాళ్లు నాకుతున్నట్టుండేవి. అలాంటప్పుడు వంక గట్టు మీద కాలు జారి నా తొడ ఎముక విరిగింది. అనంతపురం పెద్దాసుపత్రిలో కడ్డీ వేశారు. ఇంటావిడ నాతోనే ఉంది. మందను తమ్ముడు చూసుకున్నాడు.

పది రోజులకు ఫోన్ చేశాడు.

"న్నా, మేత లేదు, నీళ్లు లేవు. రోజుకొకటి పడిపోతాండాది. లారీ వచ్చిండాది, మందను అమ్మి ఎత్తేసేదా?"

"ఎత్తెయ్. కుక్క తింటాందా?"

"నేను పెడితే యాడ తింటాది? కుందేళ్లు, ఎలకలు పట్టుకొని బతుకుతాండాదిలే. నువ్వు కాలు చూసుకో."

గొర్రెల సంగతి అడిగాడు, ఒప్పుకున్నాను. కుక్క సంగతి ఆ తర్వాత ఎప్పుడూ ఎత్తలేదు. నేను ఆసుపత్రిలో ఇచ్చిన నడక బండి పట్టుకుని ఇల్లు చేరిన రోజు దొడ్డి ఖాళీగా ఉంది. దాని జాడ లేదు. తమ్ముడు వాకిట్లో నిలబడి కాళ్లు చూసుకుంటున్నాడు.

"యాడ్రా అది?"

"తాడిపత్రిలో ఉండాది. మంచి చోటేలే న్నా. మన ఊరికొచ్చే బండల లారీ డ్రైవరు అడిగినాడు, ఇచ్చినా."

"నన్నడగల్ల కదరా?"

"ఏమడిగేది? మంద పోయినంక ఖాళీ దొడ్డికి కాపలా కాస్తాండె. ఆ పక్కన ఎవురినీ నడవనీదు. అయివారి పంచె చింపె. ఊరంతా నా మింద పడిరి. నలుగురం గోతాం పట్టలేసి పట్టుకొని లారీకెక్కించినాం. నా చేయి చూడు ఎట్ల కొరికిందో."

చేయి చూపించాడు. నాలుగు పళ్ల గుర్తులు. నాకు జాలి కలగలేదు. ఇప్పటికీ కలగలేదు. ఖాళీ దొడ్డికి కాపలా కాసిందంటే దాని తప్పా అది? గొర్రెలు తిరిగొస్తాయనుకుంది. దానికెవరైనా చెప్పారా?

యార్డుకు ఫోన్ చేయించాను. గేటు దగ్గర వాచ్‌మన్ ఎత్తాడు.

"ఏం పెద్దాయనా, ఈ కుక్కకు నువ్వేం పెడ్తాంటివి, నెయ్యి దోసెలా? మేం పెట్టేది చూడదే! నాలుగు దినాలాయ. చికెన్ తెచ్చినా, గుడ్డు తెచ్చినా. నీళ్లు తాగి పండుకొంటాది."

"దాన్ని వదలప్పా. వదిలితే యాడన్నా పట్టుకొని తింటాది."

"వదిలితే లారీల కిందన్నా పడ్తాది, సారు పిక్కన్నా కొరుకుతాది. నా ఉద్యోగం పోతాది."

"అయితే సంగటి ముద్ద చేయి. చేతిలో పెట్టుకొని 'తినప్పా' అను."

కాసేపాగి మళ్లీ చేశాడు. అన్నాడట. తినలేదట. "నేను ఊరికే నిలబడి కుక్కను తినప్పా తినప్పా అని బతిమాలుకుంటాంటే పాలిష్ మిషనోళ్లంతా నవ్వుతాండారు" అన్నాడు.

తమ్ముణ్ణి వెళ్లి తెమ్మన్నాను. "ఇచ్చిందాన్ని ఏ మొగం పెట్టుకొని అడిగేది?" అన్నాడు. యార్డు యజమానికి నాలుగు పేజీల ఉత్తరం రాశాను. గుదికొయ్య దగ్గర నుంచి తోడేళ్ల దాకా అన్నీ రాశాను. దయచేసి తిరిగి పంపండి, లారీ ఎక్కించండి చాలు, ఈ దరిన నేను దించుకుంటాను అని రాశాను. జవాబు లేదు. చదివే ఉంటాడు, చదవకపోతే ఇంకా కోపం.

చివరికి నేనే బయలుదేరాను. డాక్టరు నెల కదలొద్దన్నాడు. ఇంటావిడ ఏడుస్తూనే సంగటి ముద్దలు మూటగట్టింది. రోడ్డు దాకా బండి నెట్టుకుంటూ పోయాను. బస్సు వచ్చింది. దాని మెట్టు నా మోకాలి పైన ఉంది. కాలు లేవలేదు. చేతులతో ఎత్తబోయాను, లేవలేదు. ఇంటావిడ వెనక నుంచి నెట్టింది, నొప్పికి కళ్లకు చీకట్లు కమ్మాయి.

"తాతా, ఎక్కితే ఎక్కు, లేకుంటే జరుగు. టైమైతాది" అన్నాడు కండక్టరు.

జరిగాను. బస్సు పోయింది. ముద్దలు మా పక్కింటి గేదెకు పెట్టాం.

ఆ సాయంత్రం ఇంటావిడే అంది, "నీ గొంతు పంపు. ఫోన్లో పట్టి పంపితే వినిపిస్తారు కదా." తిట్టే హక్కు ఉండి కూడా ఆమె అప్పుడు నన్ను తిట్టలేదు. మందలో ఎట్లా అనేవాణ్ణో అట్లా అనాలని కూర్చున్నాను. మొదటిసారి గొంతు వణికింది, ఇది నా గొంతు కాదని చెరిపించాను. రెండోసారి దగ్గు వచ్చింది. మూడోసారి మామూలుగా వచ్చింది. "తినప్పా." అంతే, ఒక్క మాట. ఆ వాచ్‌మన్‌కు పంపాం. పెద్ద ముద్ద చేసి, ముందు పెట్టి, అప్పుడు వినిపించమని చెప్పాం.

ఒకరోజు జవాబు లేదు. రెండోరోజూ లేదు. నేను వాకిట్లోంచి లేవలేదు. నా చేతులతో నేనే దాని నోరు కుట్టేశానన్న సంగతి ఆ రెండు రోజుల్లో ఎన్నిసార్లు నాకు నేనే చెప్పుకున్నానో. అయినా తమ్ముడి మీద కోపం తగ్గలేదు. రెండూ ఒకే గుండెలో పట్టాయి.

మూడోరోజు పొద్దున ఫోన్ మోగింది. వాచ్‌మన్ కూడా తన మాటలు ఫోన్లో పట్టి పంపాడు. వెనక బండలు కోసే మిషను మోత. ఇలా అన్నాడు:

"పెద్దాయనా, నువ్వు చెప్పినట్లే సంగటి చేసి, నీ మాట వినిపించినా. మొదటి తూరి ఎగిరి లేచినాది. ఫోను వాసన చూసినాది, నా చేతులు, నా జేబులు అన్నీ వాసన చూసినాది. మళ్ల గొలుసు ఎంత పొడుగుండాదో అంత పొడుగూ పోయి గేటు దిక్కు నిలబడుకున్యాది. పొద్దు గూకేదాకా అట్లే ఉండె. నిన్న కూడా అంతే. ఈ పొద్దు నీ మాట పెడితే ఒక చెవి ఎత్తినాది, లేయలే. ముద్ద అట్లే ఉండాది, చీమలు పట్టినాయి. ఇంక నీ మాట పంపొద్దు సామీ, నాతో అయ్యేట్లు లేదు."