సగం తలపాగా

కొండమీద జనం ఇంకా బూడిదతో బట్టలు ఉతుక్కునే రోజుల్లో, ఎద్దుల మీద సబ్బు మూటలు వేసుకుని అనంతగిరి సంతకు వెళ్లాను. నా సరుకు చాటింపు వేస్తామని ఇద్దరు వచ్చారు. ఉన్న పని ఒక్కరికే. మొదటివాడు కొండ మారుమోగేలా డప్పు వాయించి చూపించాడు. రెండో ఆయన ముసలాయన, డప్పు ముట్టనే లేదు.

"సూడకుండా ఏటి సెప్పీది బాబూ, ఒక సబ్బు ఇయ్యి" అని అడిగి తీసుకుని, పక్కన పారే గెడ్డకు పోయాడు.

తిరిగొచ్చేసరికి ఆయన తలపాగా సగం మల్లెపువ్వులా ఉంది, మిగతా సగం ఎప్పటి మట్టిరంగులోనే ఉంది. నోరు మెదపకుండా సంతంతా తిరిగాడు. ఇదేమిటని అడిగినవాళ్లకు నన్ను చూపించాడు. మధ్యాహ్నానికల్లా మూటలు ఖాళీ అయ్యాయి. పని ఆయనకే ఇచ్చాను.

అప్పట్నుంచి వారం వారం ఆ తెల్ల సగాన్నే ఉతికేవాడు. చూడలేక, "రెండోవైపు కూడా ఉతుక్కో తాతా, సబ్బు నేనిస్తాను" అన్నాను.

"అది ఉతికీస్తే నీ సబ్బుని ఎవులు నమ్ముతారు?" అన్నాడు.

కొన్నేళ్లకు వ్యాపారం కట్టిపెట్టి కొండ దిగుతున్న రోజున, దారి మొదట్లో తెల్లని తలపాగాతో ఎవరో పెద్దమనిషి నిలబడి ఉన్నాడు. దండం పెట్టి దాటిపోబోయాను.

"నానే బాబూ" అన్నాడు. "ఇంక సాటింపు లేదు గదా, మొత్తం ఉతికీసినాను."