గిన్నెలో మిగిలిన పండుమిరప తొక్కు

ఇవాళ ఫ్రీజర్‌లో పేరుకున్న మంచు గీకుతుంటే వెనకమూల ఒక చిన్న డబ్బా చేతికి తగిలింది. నిరుడు అమ్మ పోయే ముందు చేసిన పండుమిరప తొక్కు. మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏ వాసనా రాలేదు.

చిన్నప్పుడు పాండూరులోని మా ఇంట్లో ఆ వాసన వీధి దాకా వచ్చేది. మీ ఇళ్లలోనూ ఉండే ఉంటుంది ఆ పింగాణీ జాడీ, మూతికి పాత పంచె గుడ్డ కట్టి. "తడి చెయ్యి పెట్టొద్దురా, బూజు పడతాది" అని అమ్మ కసిరేది. నూనె పైకి తేలేదాకా పొడి గరిటెతో తొక్కును అదిమేది. గిన్నెలోకి తీసింది మిగిలితే మళ్లీ జాడీలో కలపనిచ్చేది కాదు. ఆ గిన్నెలోనే వేడన్నం వేసి పిసికి మాకు ముద్దలు పెట్టేది. గిన్నె తుడిచిన ఆఖరి ముద్ద కోసం నేనూ అక్కా కొట్టుకునేవాళ్లం.

తిరుత్తణిలో ఉన్న అక్కకు ఫోన్ చేశాను.

"అమ్మ చేసిన తొక్కు కొంచెం మిగిలుందిక్కా."

"యాడ పెట్టినావురా ఇన్నాళ్లు?"

"ఫ్రీజర్‌లో. నువ్వు రాక్కా, ఇద్దరం తిందాం."

"వచ్చి? అన్నం పిసికి పెట్టేదెవురురా?"

ఫోన్ పెట్టేసరికి డబ్బా అంచున మంచు కరిగి ఎర్రటి నూనె ఊరింది. అప్పుడొచ్చింది వాసన.

బయటికి తీసింది మళ్లీ లోపల పెట్టకూడదు. బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాను. ఆఖరి ముద్దకు ఈసారి పోటీ లేదు.