హాజీ ఊటలో ఎనిమిది చేపలు

ఎనిమిది చేపలతో ఒక ఊటను పాడుచేయడం అందరి వల్లా అయ్యే పని కాదు. దానికి మంచి మనసుండాలి, ఆ మనసుకు బుర్ర అడ్డు రాకూడదు. ఈ రెండు అర్హతలూ నాకు నిండుగా ఉండేవి. మా ఊళ్ళో నన్ను తెలివిగలవాడనేవారు. అందుకే కాబోలు, సముద్రం దాటించారు.

కువైట్ యుద్ధం నాటికి నేను సౌదీలో ఖతీఫ్ శివార్లలోని ఒక ఖర్జూర తోటలో మోటార్లు, పైపులు చూసుకునేవాణ్ణి. నాతో గదిలో ఉండేవాడు కూడా మా జగిత్యాల వైపు మనిషే. నాకంటే పదేళ్ళు పెద్ద, అన్నా అని పిలిచేవాణ్ణి. ఖర్జూర చెట్లెక్కి గెలలు కట్టడం ఆయన పని. తోట డెబ్బై దాటిన ఒక ముసలాయనది. అందరూ ఆయన్ని హాజీ అనేవారు, ఆయన మమ్మల్నందరినీ రఫీక్, అంటే దోస్తు, అనేవాడు. కాగితాల మీద మా కఫీల్, అంటే మాకు వీసా ఇచ్చిన యజమాని, ఆయన కొడుకు. అతను రాస్ తనూరాలో ఉద్యోగం చేస్తూ శుక్రవారం శుక్రవారం వచ్చిపోయేవాడు.

తోట మధ్యలో రాతి గట్టు కట్టిన పాత ఊట ఉండేది. నడుములోతు నీళ్ళు, అడుగున ఇసుక రేణువులు కూడా లెక్కపెట్టొచ్చు. అరబ్బీలో ఊటనూ కన్నునూ ఒకే మాటతో పిలుస్తారు. ఆ లెక్కన హాజీకి మూడు కళ్ళు, వాటిలో బాగా పనిచేసేది ఊటొక్కటే. మిగతా రెంటికీ శుక్లాలు కమ్మేశాయి. రోజూ సాయంత్రం నమాజు అయ్యాక ఆయన గట్టు మీద కూర్చుని మణికట్టు దాకా చెయ్యి నీళ్ళలో పెట్టేవాడు. బొటనవేలి కణుపంత చారల చేపలు గుంపుగా వచ్చి వేళ్ళను కొరికేవి. ముసలాయన చక్కిలిగింతలకు పసివాడిలా నవ్వేవాడు. తాతల నాటి నుంచి ఆ నీళ్ళలో ఉన్నవవే.

యుద్ధం వచ్చింది. సైరన్లు మోగేవి. కిటికీలకు టేపులు అంటించుకుని గదుల్లో ముడుచుకునేవాళ్ళం. సముద్రం మీద నూనె తెట్టు కట్టింది, ఖతీఫ్ చేపల బజారు మూతపడింది. పుట్టిన దగ్గర్నుంచీ చేప లేకుండా ముద్ద దిగని హాజీ డబ్బా చేపల్ని అన్నంలో కలుపుకుని, నమిలి, పక్కన పెట్టేయడం నేను చూశాను.

ఇన్ని నీళ్ళుండి ఈయనకు చేప కరువేమిటి అనుకున్నాను. ఆ కణుపంత చేపలు నా లెక్కలో చేపలు కావు. మా దిక్కు చెరువు నిండిందంటే చేపపిల్లల్ని వదలాల్సిందే. ఉట్టి నీళ్ళు చూస్తే బీడు పడిన చెలక చూసినట్టే ఉంటుంది. నీళ్ళ ట్యాంకరు నడిపే ఈజిప్టు డ్రైవరును బతిమాలితే, హొఫూఫ్ దిక్కు కాలువల్లోంచి బకెట్లో ఎనిమిది చేపలు తెచ్చిచ్చాడు. బుల్తీ అన్నాడు వాటిని. నేను గట్టు మీంచి వంపుతుంటే అన్న వచ్చాడు.

"ఏంది తమ్మీ గివి?"

"హాజీ కోసం అన్నా. పెద్దగైతె కూరకొస్తయి."

"జిలేబి చాపలురా గివి! మా మ్యానమామ ఊర్ల గిట్లనే ఏసిండ్రు. చెర్వంత గవ్వే అయినయి. హాజీని అడిగినవా?"

"అడిగితె ఇంక మజా ఏముంటదే?"

"నీ మజా సల్లగుండ," అని అన్న చెట్టెక్కేశాడు. మాట పెంచడం ఇష్టం లేనప్పుడల్లా ఆయన చెట్టెక్కేవాడు.

యుద్ధం కొన్ని వారాల్లో ముగిసింది. మా ఊటలో అప్పుడే మొదలైంది.

ఎండలు ముదిరేసరికి అడుగంతా గుంటలు పడ్డాయి. ఒక్కోటి పళ్ళెమంత, గుండ్రంగా, వరసలుగా. ఎవరి కోసమో బంతి పరిచి, తినేవాళ్ళు రాకముందే వెళ్ళిపోయినట్టు. మగ చేపలు గుంటకొకటి చొప్పున కాపలా కాసేవి. కువైట్‌లో తగలబడుతున్న చమురు బావుల పొగ ఇంకా ఆకాశంలోనే ఉంది. మట్టల మీద మసి, మిట్టమధ్యాహ్నం కూడా మబ్బు వెలుతురు. ఆ వెలుతురులో ఊట నల్లగా కనపడేది. చారల చేపల గుంపు పలచబడింది, తర్వాత వెతికితే ఒకటి, తర్వాత అదీ లేదు. పెద్దవి వాటి గుడ్లు తినేశాయి.

ఒక సాయంత్రం హాజీ చెయ్యి పెట్టగానే ఏదో ఆయన వేలిని పూర్తిగా నోట్లోకి తీసుకుంది. ఉలిక్కిపడి చెయ్యి లాక్కున్నాడు. మళ్ళీ పెట్టాడు. మొహమంతా వెలిగిపోయింది.

"రఫీక్! ఎంత నోరు చూడు! నా పిల్లలు పెరిగాయి కదూ?"

ఆ కళ్ళు నా వైపే తిరిగి ఉన్నాయి, నన్ను చూడకుండా.

"పెరిగాయి హాజీ," అన్నాను.

ఆ రోజు నుంచి ఆ చప్పుడు నన్ను పట్టుకుంది. జిలేబి చేపలు ఎండవేళ పైకి తేలి గాలి పీలుస్తాయి. పళ్ళు లేని నోరు చప్పరించినట్టు ఉంటుంది. మోటారు గదిలో వినపడేది. అన్నం గిన్నె పొంగుతుంటే వినపడేది. ఇప్పటికీ మా ఇంట్లో సింకులో నీళ్ళు చివరికంటా దిగేటప్పుడు వెనక్కి తిరిగి చూస్తాను.

ఇంతలో కొడుకు వచ్చి, తండ్రిని కళ్ళ ఆపరేషనుకు ధహ్రాన్ తీసుకెళ్తున్నానన్నాడు. రెండు వారాలు అక్కడే.

కారెక్కుతూ హాజీ నా భుజం తట్టాడు. "కట్టు విప్పాక ఇంటికి కూడా పోను. ముందు నా ఊటే చూస్తాను."

నాకు మిగిలింది రెండు వారాలు. చపాతీ పిండి ఉండలతో గాలం వేశాను. దోమతెరను వల చేసి అన్నా నేనూ చెరో కొస పట్టుకుని ఊటంతా దువ్వాం.

"మజా వస్తున్నదారా తమ్మీ?" అని అడిగేవాడు అన్న, నడుందాకా నీళ్ళలో నిలబడి.

బకెట్లు బకెట్లు తీశాం. మర్నాటికి ఎన్ని ఉన్నాయో అన్నీ ఉండేవి. ఒక పెద్ద ఆడచేపను గాలం నుంచి విడిపిస్తుంటే అది నోరు తెరిచింది. నోట్లో దాచుకున్న మసిలాంటి పిల్లలు నా అరచేతిలోకి కారాయి, ప్రతి మసిరేణువుకీ రెండు కళ్ళు. చెయ్యి విదిలించుకున్నాను. విదిలించుకున్నది నీళ్ళలోకే.

అంతకంటే పెద్ద ఘనకార్యం ఇంకోటి ఉంది. తాగే నీళ్ళలో నీచు కడగకూడదని నేర్పిన ఇంట్లో పుట్టాను కనుక, వలనూ బకెట్లనూ రోజూ పక్కనున్న మురుగు కాలువలో శుభ్రంగా కడిగాను. ఆ కాలువ, వల నుంచి జారిన పిల్లలతో సహా, ఐదు తోటలు దాటి రోడ్డు పక్క రెల్లు మడుగులో కలుస్తుంది. తర్వాతి ఏడాది నుంచి శుక్రవారాలు బెంగాలీలు, ఫిలిప్పీనోలు అక్కడ గాలాలతో బారులు తీరేవారు. దేవుడు పంపిన చేపలని చెప్పుకునేవారు. పంపినవాడి పేరు నేను సరిదిద్దలేదు.

హాజీ లావుపాటి కళ్ళద్దాలతో తిరిగొచ్చాడు. అన్నట్టే కారు దిగి నేరుగా గట్టు మీదికొచ్చాడు. చాలాసేపు చూశాడు. గుంటల్ని చూశాడు, గుంటల మీద నిలబడిన వాటిని చూశాడు.

"నావేవి?"

వచ్చిన అరబ్బీ ముక్కలన్నీ కూడగట్టి చెప్పాను. బకెట్టు, డ్రైవరు, కూర. మధ్యలో ఆపకుండా విన్నాడు.

"వేశావు, సరే. నా కడుపు కోసమే వేశావు. నాకు చూపు లేని రోజున అడిగితే, పెరిగాయన్నావు."

కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. కాలువ గోడను చేత్తో తడుముకుంటూ ఇంటి వైపు వెళ్ళిపోయాడు. తర్వాత తోటకు వచ్చేవాడు కానీ ఊట వైపు వచ్చేవాడు కాదు. నాతో పని మాటలే మాట్లాడేవాడు. తిట్టినా బాగుండేది. తిట్టడానికి నన్ను చూడాలి.

చారల చేప ఒక్కటైనా మిగిలి ఉంటుందని చుట్టుపక్కల కాలువలన్నీ వంగి వంగి వెతికాను. నడుం పట్టేసింది, చేప దొరకలేదు. చివరికి అన్నే చెట్టు మీంచి అరిచాడు.

"తమ్మీ, గా మోటర్ కాడ నీళ్ళల్ల ఏందో మెరుస్తున్నది సూడు!"

ఊట నీళ్ళు తోడే మోటారు వెనక పైపు లీకై బెత్తెడు లోతు మడుగు కట్టింది. బాగుచెయ్యమని హాజీ చెప్పి ఏడాదైంది, నేను రేపు రేపంటూ నెట్టుకొచ్చాను. ఆ గడ్డిలో పదమూడు ఉన్నాయి. నా మంచితనం చంపిన వాటిని నా బద్ధకం కాపాడింది.

"లీకు బంద్ చేస్తవా ఇగ?" అన్నాడు అన్న.

"నన్నెవడన్నా బంద్ చెయ్యమంటె వానితోని కొట్లాడ్త."

ఏ కాలువతోనూ సంబంధం లేని పాత సిమెంటు తొట్టి ఒకటి గాడిద కొట్టం పక్కన పడి ఉంటే, కడిగి, నింపి, వాటిని అందులో వదిలాను. హాజీకి చెప్పాను. మర్నాడు చూస్తే తొట్టి మీద ఎవరో కొత్త ఈతచాప నీడకు కప్పి ఉంచారు.

ఇక పగ సంగతి. ఊటలోంచి రోజూ రెండు జిలేబి చేపలు పట్టి, మోటారు గది కప్పు మీద ఎండబెట్టేవాణ్ణి. పెళుసెక్కాక అన్న మిరపకాయలు దంచుకునే రోట్లో మెత్తగా దంచేవాణ్ణి.

"నా రోలంత నీసు కంపు కొడుతున్నదిరా! నా కారంల గూడ గదే వాసన!"

"గుడ్లు తిన్నయి గదనే. ఇప్పుడు గా గుడ్లోళ్ళ మనవలు వీటిని తింటరు."

అన్న నన్నూ రోలునూ మార్చి మార్చి చూసి, మళ్ళీ చెట్టెక్కాడు.

ఈతచాప ఒక పక్కకు ఎత్తి చిటికెడు పొడి నీళ్ళ మీద చల్లాను. పదమూడూ పైకి వచ్చాయి. అయిపోయేదాకా నిలబడి, ఇంకో చిటికెడు చల్లాను.